అమెరికా ఫెడరల్ ఖైదీల రెండో పిటిషన్: చిక్కు 1996లోనే పడింది

కింది కోర్టులో ఖరారైన ఫెడరల్ శిక్షను ఖైదీ మళ్లీ ఎన్నిసార్లు, ఏ దారిలో ప్రశ్నించవచ్చన్న వివాదం ఫెర్నాండెజ్ కేసుతో తిరిగి రాజుకుంది. జ్యూరీ నిర్ణయంపైనే తనకు సందేహముందంటూ న్యూయార్క్‌లో ఒక ఫెడరల్ జడ్జి యావజ్జీవ ఖైదీకి కారుణ్య విడుదల నిబంధన కింద శిక్ష తగ్గించారు. అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేయగా, సుప్రీంకోర్టు 2025 నవంబరులో వాదనలు విన్నది. తీర్పులో తప్పుందనుకుంటే, శిక్షను అది విధించిన కోర్టులోనే సవాలు చేసే ఫెడరల్ చట్ట నిబంధన అయిన సెక్షన్ 2255 కింద రావాలే తప్ప కారుణ్యం కోరకూడదని ప్రభుత్వం వాదించింది. అయితే ఆ సెక్షన్ ఎంత ఇరుకైపోయిందో తెలిస్తేనే ఖైదీలు ఈ పక్కదారి ఎందుకు పట్టారో అర్థమవుతుంది.

1948లో ఈ సెక్షన్ తెచ్చినప్పుడు ఖైదీ హక్కును కుదించాలన్న ఉద్దేశం లేదు. అంతవరకు హెబియస్ కార్పస్ (నిర్బంధం చట్టబద్ధమేనా అని ప్రశ్నించే) పిటిషన్లు జైలున్న జిల్లాలోనే వేయవలసి రావడంతో కొన్ని కోర్టులపైనే భారం పడేది. అందుకని వాటిని శిక్ష విధించిన కోర్టుకు మళ్లించారు. ఈ మార్గం చాలనప్పుడు, లేదా ఫలించనప్పుడు పాత హెబియస్ దారిలో వెళ్లవచ్చన్న మినహాయింపునూ ఉంచారు.

అసలు మలుపు ఆ తరువాత దాదాపు అర్ధ శతాబ్దానికి, నాలుగున్నర నెలల వ్యవధిలో వచ్చింది. మత్తుమందుల నేరంలో తుపాకీ దగ్గరుంటే చాలదని, దాన్ని క్రియాశీలంగా ఉపయోగిస్తేనే 'వాడినట్టు' అవుతుందని 1995 డిసెంబరులో బెయిలీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో చట్టం నేరమని చెప్పని పనికి శిక్ష అనుభవిస్తున్నవారు జైళ్లలో ఉన్నట్టు బయటపడింది. 168 మందిని బలిగొన్న ఓక్లహోమా సిటీ పేలుడు జరిగిన ఏడాదికి, 1996 ఏప్రిల్ 24న, క్లింటన్ ఉగ్రవాద నిరోధక చట్టంపై సంతకం చేశారు. దాని ప్రకారం రెండో పిటిషన్‌కు రెండే కారణాలు మిగిలాయి: నిర్దోషిత్వాన్ని బలంగా చూపే కొత్త సాక్ష్యం, లేదా పాత కేసులకూ సుప్రీంకోర్టు వర్తింపజేసిన కొత్త రాజ్యాంగ సూత్రం. బెయిలీ తీర్పు ఈ రెండింటిలోనూ ఇమడదు. అది చట్టానికి కోర్టు చెప్పిన అర్థం మాత్రమే. కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) దీన్ని తెలిసి వదిలేసిందా, హడావుడిలో మరిచిందా అన్నది చట్టంలో ఎక్కడా లేదు.

అలాంటివారు 1948 నాటి మినహాయింపును ఆసరా చేసుకోవచ్చని మూడో సర్క్యూట్ (ప్రాంతీయ ఫెడరల్ అప్పీలు కోర్టు) 1997లో చెప్పగా, తరువాతి కాలంలో చాలా సర్క్యూట్లు ఏదో ఒక రూపంలో అదే దారి పట్టాయి. పదో సర్క్యూట్ 2011లో, ఆ తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన గోర్సచ్ రాసిన తీర్పుతో, పదకొండో సర్క్యూట్ 2017లో ఎదురుతిరిగాయి.

2023 జూన్‌లో జోన్స్ వర్సెస్ హెండ్రిక్స్ కేసులో ఈ తగవు తేలింది. పాత నేరస్థుడై ఉండి తుపాకీ కలిగి ఉన్నాడన్న అభియోగంపై 2000లో దోషిగా తేలి, 27 ఏళ్లకు పైగా శిక్ష పడిన ఖైదీ కేసు అది. తన పాత నేర రికార్డు చెరిగిపోయిందని నమ్మానని విచారణలోనే చెప్పాడు. తాను పాత నేరస్థుడినన్న సంగతి నిందితుడికి తెలుసని ప్రాసిక్యూషన్ నిరూపించాలని సుప్రీంకోర్టు 2019లో రెహైఫ్ కేసులో అన్నది. అప్పటికే అతని మొదటి పిటిషన్ ముగిసిపోయింది. కాంగ్రెస్ తీర్పుల స్థిరత్వాన్నే ఎంచుకుందంటూ జస్టిస్ థామస్ 6-3 మెజారిటీతో తలుపు మూశారు. నేరం కాని పనికి జైల్లో ఉన్న నిర్దోషికి, ఒకసారి ముందే పిటిషన్ వేశాడన్న ఒక్క కారణంతో శాశ్వతంగా దారి మూసుకుపోతుందని జస్టిస్‌లు సోటొమేయర్, కేగన్ ఆక్షేపించారు. కాంగ్రెస్‌కు ఆ ఉద్దేశం ఉందన్నది మెజారిటీ ఊహించుకున్నదేనన్న ధోరణిలో జస్టిస్ జాక్సన్ విడిగా, సుదీర్ఘంగా విభేదించారు.

ఒక సంగతి మాత్రం వార్తల్లో పెద్దగా కనిపించలేదు. ఈ ఖైదీ పిటిషన్ నెగ్గకూడదన్న ప్రభుత్వం కూడా, నిర్దోషులకు మినహాయింపు వర్తించవలసిందేనంటూ, అతన్ని తిరగ్గొట్టిన ఎనిమిదో సర్క్యూట్ తర్కాన్ని సమర్థించడానికి సిద్ధపడలేదు. దాని పక్షాన మాట్లాడటానికి సుప్రీంకోర్టే ఒక న్యాయవాదిని నియమించవలసి వచ్చింది. చివరికి నెగ్గింది ఆ వాదనే.