రెగ్యులేటర్ తన వ్యూహాన్ని బయటపెట్టాలా? విమానయానంలో కొన్ని అపోహలు – వాస్తవాలు

చాలా ఏళ్లుగా విమాన సంస్థ సేఫ్టీ విభాగంలో ఉన్నాను. ఇన్‌స్పెక్టర్లు ప్రశ్నలు అడిగే వైపు కాదు, జవాబులు చెప్పుకునే వైపు. పౌర విమానయాన రెగ్యులేటర్ (విమాన సంస్థలను తనిఖీ చేసే నియంత్రణ సంస్థ) తన వ్యూహాన్ని ప్రచురించాలనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఎదురయ్యే అపోహలివి.

అపోహ: నిబంధనలన్నీ ప్రచురించే ఉన్నాయిగా, మళ్లీ వ్యూహం ఎందుకు?

మనం ఏం చేయాలో నిబంధన చెబుతుంది. ఉన్న కొద్దిమంది ఇన్‌స్పెక్టర్లను రెగ్యులేటర్ ముందు ఎక్కడికి పంపుతుంది, ఎప్పుడు హెచ్చరికతో సరిపెడుతుంది, ఎప్పుడు లైసెన్సు దాకా వెళ్తుంది అన్నది వ్యూహంలో ఉండాలి. అది రాసి లేకపోతే ఒకే తప్పుకి ఒకరు నోటిమాటతో వదిలేస్తారు, ఇంకొకరు నోటీసు ఇస్తారు. రెండూ చూశాను.

అపోహ: దేనిమీద దృష్టి పెడతారో ముందే చెబితే కంపెనీలు సర్దుకుంటాయి.

ఒకప్పుడు నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. ప్రచురించేది ప్రాధాన్యాలనే, తనిఖీ తేదీలను కాదు. 'పదేపదే వాయిదా పడే రిపేర్లను గమనిస్తాం' అని రెగ్యులేటర్ రాసిందనుకోండి. కొన్ని లోపాలను ఎం.ఈ.ఎల్. (ఏ పరికరాలు పనిచేయకపోయినా విమానాన్ని నడపొచ్చో చెప్పే జాబితా) ప్రకారం గడువు పెట్టుకుని వాయిదా వేయొచ్చు, అందులో తప్పు లేదు. కానీ టెక్ లాగ్ (విమానంలోని లోపాలు, రిపేర్లు రాసే పుస్తకం) పేజీలు వెనక్కి తిప్పితే ఒక్కోసారి ఇంకోటి కనిపిస్తుంది. గడువు ముగిసే రోజు 'సరిచేశాం' అని మూసేసిన లోపమే రెండు రోజులకి కొత్త నంబరుతో మళ్లీ తెరుచుకుంటుంది. విడివిడిగా చూస్తే ఏ ఎంట్రీకీ వంక పెట్టలేం. వరసగా చదివితేనే దొరుకుతుంది. రెగ్యులేటర్ రాసిన ఆ ఒక్క వాక్యం చూసిన కంపెనీ, ఇన్‌స్పెక్టర్ రాకముందే పాత పేజీలు తానే తిరగేస్తుంది. సర్దుకోవడమే కదా మనక్కావాల్సింది!

అపోహ: రిస్కును బట్టి తనిఖీ అంటే పేరున్న కంపెనీలను వదిలేయడమే.

కాదు. కొత్త రకం విమానాలు వచ్చినా, అనుభవమున్న ఇంజినీర్లు వరసగా మానేసినా పెద్ద కంపెనీకైనా రిస్కు పెరిగినట్టే.

అపోహ: ఇదంతా కొత్త ఫ్యాషన్.

కాదు, తన పద్ధతిని బయటికి చెప్పడం పాత మాటే. అంతర్జాతీయ ప్రమాణాన్ని పాటించలేని దేశం ఆ తేడాను ఐకావోకి (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకి) తెలపాలని 1944 నాటి షికాగో ఒప్పందంలోని 38వ అధికరణమే చెబుతోంది. దేశాల భద్రతా కార్యక్రమాన్ని, భద్రతా నిర్వహణను ఒక్కచోటికి తెచ్చిన, ఆ ఒప్పందపు 19వ అనుబంధం 2013 నవంబరులో అమల్లోకి వచ్చింది.

అపోహ: మన తప్పు మనమే చెప్పుకుంటే శిక్ష ఖాయం.

చర్యలు ఎప్పుడు ఉంటాయో, ఎప్పుడు ఉండవో రాసిపెట్టకపోతే ఈ భయం పోదు. కావాలని చేసిన తప్పుకీ, ఘోరమైన నిర్లక్ష్యానికీ రక్షణ ఉండదు. మామూలు పొరపాటు సంగతి వేరు. ఒక కుర్ర కో-పైలట్ ఆటోపైలట్‌లో ఎత్తు తప్పుగా సెట్ చేశాడు. కెప్టెన్ వెంటనే గమనించి సరిచేశారు. రిపోర్టు ఫారం చేతిలో పట్టుకుని "సార్, నా మీద యాక్షన్ ఉంటుందా?" అని అడిగాడు. రెగ్యులేటర్ ప్రచురించిన పేజీ తెరిచి ఆ పేరా చూపించాను. రెండుసార్లు చదివి, అక్కడే కూర్చుని ఫారం నింపాడు. ఆ పేజీ లేని రోజుల్లో నా మాట నమ్మమనేవాణ్ణి. చాలామంది తలూపి, ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవారు.