నాన్నమ్మ కుందులు, చింతపండు

మాంబళం, చెన్నై

చిన్నీ, బుజ్జీ,

దీపావళికి వచ్చినప్పుడు నాన్నమ్మ ఇత్తడి కుందులు తోముతుంటే పక్కనే కూర్చుని చూశారు కదా. ఊరికి వెళ్లాక ఫోన్‌లో అడిగారు: "సబ్బుకి పోని నలుపు చింతపండుకి ఎలా పోయింది తాతయ్యా?" ఫోన్‌లో తెమిలే మాట కాదని ఇలా రాస్తున్నాను.

చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది. పెరుగులో లాక్టిక్, నిమ్మకాయలో సిట్రిక్, వెనిగర్‌లో ఎసిటిక్, మామిడాకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమ చిమ్మేది ఫార్మిక్. వీళ్లందరి ఇంటిపేరూ ఒకటే, కార్బాక్సిలిక్ ఆమ్లాలు. మిగతా ఒళ్లు ఎలా ఉన్నా ఒక చివర మాత్రం ఒకే అమరిక: ఒక కార్బన్, దానికి రెండు ఆక్సిజన్లు, వాటిలో ఒకదాన్ని పట్టుకుని ఒక హైడ్రోజన్.

రంగనాథన్ వీధిలో పండగ రద్దీ గుర్తుందా? అమ్మ, పిన్ని రెండు ఆక్సిజన్లు. మధ్యలో ఇద్దరి చేతులూ పట్టుకున్న నాన్న కార్బన్. అమ్మ కొంగు పట్టుకున్న బుజ్జి హైడ్రోజన్. పీచుమిఠాయి అతను కనిపించాడు, అంటే నీళ్లు తగిలాయి అనుకోండి. బుజ్జి తన సంచీ అమ్మ చేతిలో పడేసి పరిగెత్తాడు. ఆ సంచీయే ఎలక్ట్రాన్. అమ్మ ఒక్కతే మోయాలంటే వాణ్ని వెంటనే వెనక్కి లాక్కొస్తుంది. కానీ సంచీ రెండో కాడ పిన్ని పట్టుకుంది. బరువు చెరిసగం అయింది, ఇక తొందరేముంది? ఇంజెక్షన్‌కి ముందు రాసే స్పిరిట్‌లో కూడా ఇలా ఆక్సిజన్ కొంగు పట్టుకున్న హైడ్రోజన్ ఉంది. అక్కడ పిన్ని లేదు, అందుకే వాడు కొంగు వదలడు.

అలాగని అందరూ ఒక్కసారే పరిగెత్తరు. వెనిగర్‌లో ఏ క్షణాన చూసినా సుమారు 200 మంది బుజ్జిల్లో ఒక్కడే బయట ఉంటాడు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌లో అందరూ బయటే. ఆ సీసా జోలికి మాత్రం మీరు వెళ్లకూడదు.

ఇక కుందుల సంగతి. సబ్బు పని జిడ్డు మీదే. ఆ నలుపు జిడ్డు కాదు, ఇత్తడిలోని రాగి గాలిలో ఆక్సిజన్‌తో కలిసి కట్టిన పొర. చింతపండు రసంలో అలా పరిగెత్తి బయటపడ్డ మన హైడ్రోజన్లు ఆ ఆక్సిజన్‌ని లాక్కుని నీళ్లయిపోతాయి. విడిపడ్డ రాగిని టార్టారిక్ తనతో పాటు నీళ్లలోకి దింపేస్తుంది.

చిన్నప్పుడు వేసవిలో మా అమ్మమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి చింతపిక్కలు తీయించేది. సాయంత్రానికి వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయేవి, గోటి పక్కన చిన్న గీత ఉన్నా చుర్రుమనేది. పులుసు కాచే ముందు ఆవిడ ఇత్తడి గిన్నెను వెలుతురుకి తిప్పి లోపల చూసేది. కళాయి, అంటే లోపల వేసిన తగరం పూత, ఎక్కడైనా పోయి పసుపు కనబడితే, కళాయి వేసే అతను వీధిలోకి వచ్చేదాకా ఆ గిన్నె పొయ్యి ఎక్కేది కాదు. ఒకసారి అలాంటి గిన్నెలో నేను చారు పోసి మర్చిపోయాను. తెల్లారేసరికి అంచున ఆకుపచ్చగా కిలుము! "బయట తోమిన పులుపే లోపల తినేస్తుందిరా" అంది. ఆ చారు పారబోయించింది. మీరూ గుర్తుపెట్టుకోండి, రాగి చెంబులో నిమ్మరసం పోయకండి.

నాకు ఇప్పటికీ ఆశ్చర్యం ఏమిటంటే, చాలా పళ్లు పండేకొద్దీ పులుపు వదులుకుంటాయి. చింత మాత్రం పండినా తన ఆమ్లాన్ని వదలదు, పైగా చక్కెర కూడా చేర్చుకుంటుంది.

నల్లబడ్డ రాగి చెంబు ఒకటి అమ్మనడిగి తీసుకోండి. చిక్కటి చింతపండు రసంలో చిటికెడు ఉప్పు కలిపి దాని మీద ఒక్క బొట్టు పెట్టండి. పది నిమిషాలు కదపకుండా ఉంచి, తుడిచి, బొట్టు అంచు దగ్గర చూడండి. ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య