బీమా సంఘం చదువుకు డబ్బెందుకు ఇస్తుంది?

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ పిట్స్‌బర్గ్ నుంచి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీతో మాట్లాడుతున్నప్పుడు, మా పక్కింటి అమ్మాయికి కాలేజీలో చేరడానికి హంగేరియన్ల బీమా సంఘం వారు స్కాలర్‌షిప్ ఇచ్చారని చెప్పాను. మీలో పెద్దది వెంటనే అడిగింది: “బీమా డబ్బు మనిషి పోతే కదా తాతయ్యా ఇస్తారు? ఆ అమ్మాయి కాలేజీకి వెళ్తుంటే ఎందుకిచ్చారు?” ఇంత మంచి ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టంలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మా ఇంటి కుండ సంగతి చెప్పాలి. నా చిన్నతనంలో, కృష్ణా డెల్టాలోని మా ఊళ్లో, మా అమ్మ ఎసట్లో పోయడానికి బియ్యం కొలుచుకున్న ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న మట్టికుండలో వేసేది. ఊళ్లో చాలా ఇళ్లలో అలాంటి కుండ ఉండేది. వారానికొకసారి పట్నంలోని ఉచిత విద్యార్థి వసతి గృహం నుంచి ఒకాయన గోనెసంచి భుజాన వేసుకుని వచ్చి ఆ బియ్యం పోగుచేసుకుని వెళ్లేవాడు. సంచి మూతి పట్టుకుని నిలబడడం నా పని. ఒక ఇంటివి అక్కుళ్లు, ఇంకొక ఇంటివి కృష్ణకాటుకలు, మరొక ఇంటివి దంపుడు బియ్యం, అన్నీ ఆ ఒక్క సంచిలోనే పడేవి. తర్వాత నేను కూడా ఆ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాను కనుక ఆ అన్నం ఎలా ఉండేదో నాకు బాగా తెలుసు. కొన్ని మెతుకులు చిమిడిపోయేవి, కొన్ని పలుకుగానే మిగిలేవి. తిట్టుకుంటూనే తినేవాళ్లం గాని కంచంలో మెతుకు మిగిల్చేవాళ్లం కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మేముండే పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే, మాకు తూర్పున చాలా దూరంలో, హేజిల్టన్ అనే ఊరుంది. దాని చుట్టుపక్కల నేలలో ఆంత్రసైట్ అనే గట్టి రకం బొగ్గు ఉంది. ఆ గనుల్లో పనిచేసే హంగేరియన్లు 13 మంది కలిసి 1886లో అచ్చం మా అమ్మ కుండలాంటిదే ఒకటి పెట్టుకుని, దానికి వెర్హోవాయ్ సహాయ సంఘమని పేరు పెట్టారు. సభ్యుడైన ప్రతివాడూ తన కూలి డబ్బులోంచి కొద్దిపాటి చందా వెయ్యాలి. ఎవరైనా మంచాన పడినా, ప్రాణం పోయినా, ఆ కుండలోంచి తీసి ఆ ఇంటికి ఇవ్వాలి. గనిలో మనిషి పోతే యజమాని ఆ కుటుంబానికి పరిహారం చెల్లించాలన్న చట్టం పెన్సిల్వేనియాలో 1915 దాకా రాలేదు. కంపెనీ ఇంట్లో కాపురముండే కుటుంబమైతే సంపాదించే మనిషితో పాటు తలదాచుకునే చోటు కూడా పోయేది. 1907 డిసెంబరు 19న మా పిట్స్‌బర్గ్‌కు ఆగ్నేయ దిక్కున ఉన్న డార్ గనిలో పేలుడు జరిగి 239 మంది చనిపోయారు. వారిలో చాలామంది హంగేరీ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారే. అటువంటి కాలంలో ఆ కుండ ఏ పూటకు ఆ పూట ఖాళీ అవుతూ ఉండేదంటే ఆశ్చర్యం లేదు.

అప్పటి ఇలాంటి సంఘాల సభ్యులు ఛాతీ మీద పెట్టుకునే రిబ్బను బిళ్లను నేను ఒకసారి చేతిలోకి తీసుకుని చూశాను. ఒకవైపు మంచి రంగులు, కింద బంగారు కుచ్చు. తిప్పితే వెనకవైపు నల్లటి పట్టు, దాని మీద వెండి అక్షరాలు. ఊరేగింపు రోజున రంగుల వైపు, తోటి సభ్యుణ్ణి సాగనంపే రోజున నల్ల వైపు పైకి వచ్చేలా పెట్టుకునేవారట. రెండు బిళ్లలు కొనే స్తోమత లేక అలా కుట్టించుకున్నారో, రెండో వైపుతో ఎప్పుడు పని పడుతుందో తెలియక కుట్టించుకున్నారో మీరే ఆలోచించండి.

మరి చావు కోసం పెట్టిన కుండ చదువు వైపు ఎలా తిరిగింది? గని కార్మికుల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు గనులు వదిలి వేరే పనుల్లోకి వెళ్లారు. మనుషులు ఎక్కువకాలం బతకసాగారు. కుండలో పిడికెళ్లు పడుతూనే ఉన్నాయి గాని, తీయవలసిన రోజులు తగ్గాయి. మామూలు బీమా కంపెనీలో ఇలా మిగిలినదాన్ని వాటాదారులు పంచుకుంటారు. ఈ సంఘాలకు వాటాదారులు లేరు, సభ్యులే ఉంటారు. లాభాపేక్ష లేకుండా, ఊరూరా శాఖలు పెట్టుకుని, సభ్యులకు బీమా ఇచ్చే సంఘాలుగానే అమెరికా పన్నుల చట్టం వీటిని గుర్తిస్తుంది. అందుచేత మిగిలిన బియ్యం మళ్లీ ఆ ఇళ్లకే చేరాలి. కాకపోతే ఉన్నదంతా ఊడ్చి పంచడానికి వీల్లేదు. రేపు పోయేవారి కోసం ఇంత నిల్వ ఉండి తీరాలని ప్రభుత్వపు బీమా శాఖ వారు వచ్చి లెక్కలు చూస్తారు. మా అమ్మ కుండకు అలాంటి తనిఖీ లేదు, ఎలుకలు మాత్రం ఉండేవి. (ఆ కుండను ఇక పొయ్యి మీంచి దించమని పక్కనుంచి మీ బామ్మ అంటోంది.)

1955లో ఈ వెర్హోవాయ్ సంఘం, కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌కు చెందిన రాకోట్సీ సహాయ సంఘంతో కలిసిపోయి, పెన్సిల్వేనియా వలసను స్థాపించిన విలియం పెన్ పేరు పెట్టుకుంది. మా పక్కింటి అమ్మాయికి స్కాలర్‌షిప్ ఇచ్చింది ఈ సంఘమే. పక్కింటి అమ్మాయి పుట్టినప్పుడు వాళ్ల తాత ఆమె పేరున చిన్న పాలసీ ఒకటి తీసి పెట్టాడు. ఆ పాలసీ వల్లనే ఆమె సభ్యురాలైంది, సభ్యురాలు కాబట్టే స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకోగలిగింది. మార్కుల పట్టీతో పాటు ఆమె ఒక వ్యాసం కూడా రాసి పంపింది. దీనితో కాలేజీ ఖర్చంతా గట్టెక్కుతుందని అనుకోకండి. ఈ దేశంలో ఫీజులు అంత తేలిగ్గా తీరేవి కావు. కుర్రవాళ్లు సంఘాన్ని విడిచి పోకుండా ఇది కూడా ఒక ఆకర్షణ కదా అని మీ నాన్న అన్నాడు. కావచ్చు, అందులో తప్పేముంది? కొత్త పిడికెళ్లు పడని కుండ ఎన్నాళ్లుంటుంది?

ఇక్కడి హంగేరియన్లు వేసవిలో తోటలో చేరి, పందికొవ్వు ముక్కను పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాలుస్తూ, కారే కొవ్వును ఉల్లిపాయ ముక్కలు పరిచిన రొట్టె మీద పట్టుకుని తింటారు. పక్కింటివారు పిలిస్తే మేమూ వెళ్లాం. శాకాహారిని కనుక నేను ఉల్లిపాయతో, ఉత్త రొట్టెతో సరిపెట్టుకున్నాను. పొగ మాత్రం అందరితో సమానంగా మింగాను. ఆ పుల్ల తిప్పుతున్న ముసలాయనే నాకు సంఘం కథ మొదట చెప్పాడు. మీకెప్పుడైనా ఇలాంటి సాయం అందితే, ఇచ్చినవారికి రెండు వాక్యాల ఉత్తరం రాయండి. మా హాస్టల్ పిల్లలం ఒక్కరం కూడా ఏ ఇంటికీ వెళ్లి ఆ మాట చెప్పలేదు.

ఇంకొక్క సంగతి. ఆ సంఘం పెట్టిన రోజుల్లో గని ఊళ్లలోని మగపిల్లలు చాలామంది బడికి బదులు బ్రేకర్ అనే పెద్ద కొట్టంలో పనికి వెళ్లేవారు. పైనుంచి జారిపడే బొగ్గులోంచి రాతి పలకలను వట్టి చేతులతో ఏరి పారెయ్యడం వాళ్ల పని. చేతికి తొడుగు వేసుకోనిచ్చేవారు కారు, అందువల్ల కొత్తగా చేరినవాళ్ల వేళ్లు వాచి, పగిలి, నెత్తురు కారేవి. 12 ఏళ్లు నిండనివారిని ఆ పనిలో పెట్టుకోకూడదని 1885లో చట్టం చేశారు గాని, వయసు ఎక్కువ చెప్పి చేర్చే తల్లిదండ్రులకు కొదవ లేదు. 1911లో లూయిస్ హైన్ అనే ఆయన పెన్సిల్వేనియాలోని సౌత్ పిట్స్‌టన్‌లో ఈ పిల్లల ఫొటోలు తీశాడు. ఇక్కడి ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు వాటిని అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. అమ్మను అడిగి, ఫోనులో కాకుండా కంప్యూటర్‌లో పెద్దవి చేసుకుని చూడండి. ఒక్కొక్కరి వయసు ఎంత ఉంటుందో మీలో మీరు మాట్లాడుకోకుండా ఎవరికి వారు అంచనా వేసి, కాగితం మీద రాసి నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య