పదకొండు సీసాలు, ఒక ముఖం

మా అక్క కూతురు గుంటూరులో డిగ్రీ చదువుతోంది. మొన్న మే నెలలో, బెజవాడ ఎండలు ఇంకా పీక్కుతింటున్నప్పుడే, పది రోజులు ఉండి వెళ్తానని పటమటలో మా ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే బ్యాగులోంచి బట్టల కంటే ముందు సీసాలు తీసి అద్దం ముందు వరసగా పేర్చింది. లెక్కపెట్టాను, పదకొండు. విటమిన్ సీ సీరం, నియాసినమైడ్, సాలిసిలిక్ యాసిడ్, గ్లైకాలిక్ యాసిడ్, రెటినాల్, బియ్యం కడిగిన నీళ్ల టోనర్ (మా అమ్మమ్మ కుడితి తొట్టిలో పోసేది, అదే కొరియా వెళ్లి సీసాలో దిగొచ్చేసరికి ఎనిమిది వందలైంది), ఇంకా ఏవేవో. ఒకటి నత్త జిగురుతో చేసిందట. "అదేంటే, నత్త జిగురు ముఖానికా?" అంటే "అందరూ వాడుతున్నారు పిన్నీ" అంది, నేనేదో రాతియుగం నుంచి వచ్చినట్టు చూసి.

నత్త సంగతి వదిలేశాను. నాకు వింతగా అనిపించింది ఇంకొకటి. పదకొండింట్లో ఒక్కటి కూడా సగం వరకు రాలేదు. ఇది పనిచేయలేదా అని ఒక్కోటీ చూపించి అడిగితే అన్నిటికీ ఒకటే జవాబు: "పది రోజులు వాడా పిన్నీ, ఏం తేడా లేదు."

నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. ఇంట్లో కూడా నోరు ఊరుకోదు, ఆ రోజు దానికి క్లాస్ పడింది.

చర్మంలో పైన ఉండే భాగం ఎపిడెర్మిస్. దాని అట్టడుగు వరసలో కొత్త కణాలు పుడుతూ ఉంటాయి. పుట్టినవి మెల్లగా పైకి జరుగుతూ, జరుగుతూ జరుగుతూ చదునుగా అయిపోయి, చివరికి చచ్చిపోయి పై పొరగా పేరుకుంటాయి, కొన్నాళ్లకి అవీ రాలిపోతాయి. వయసులో ఉన్నవాళ్లకి ఈ ప్రయాణం మొత్తానికి సుమారు 28 రోజులు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ 40 రోజులు కూడా దాటుతుంది. అంటే ఇవాళ పొద్దున అద్దంలో మనం చూసి నిట్టూర్చిన ముఖం దాదాపు నెల కిందట తయారైన సరుకు. మొటిమ కథ ఇంకా పాతది. రంధ్రం లోపల జిడ్డూ చనిపోయిన కణాలూ కలిసి అడ్డం పడటం పైకి కనిపించడానికి కొన్ని వారాల ముందే మొదలైపోతుంది. మనం మాత్రం ఇవాళ లేచిన మొటిమని నిన్న సాయంత్రం తిన్న మిరపకాయ బజ్జీ మీదకి నెట్టేస్తాం. పాపం, దానికి అంత టైమ్ ఎక్కడిది?

అందుకే మొటిమల మందు రాసిచ్చిన ఏ చర్మ డాక్టరైనా రెండు మూడు నెలలు ఆగి చూడమంటారు. అడపలీన్, ట్రెటినాయిన్ లాంటి రెటినాయిడ్ మందులకి (విటమిన్ ఏ జాతివి) ఇంకో మెలిక ఉంది. మొదటి రెండు మూడు వారాల్లో ముఖం పొడిబారి, పొట్టు రేగి, కొందరికి మొటిమలు ఇంకాస్త ఎక్కువైనట్టు కూడా అనిపిస్తుంది. ట్రెటినాయిన్ కొత్తదేమీ కాదు, అమెరికాలో మొటిమల మందుగా 1971లోనే అనుమతి వచ్చింది, ఇన్నేళ్లుగా ఇన్ని రకాలుగా పరీక్షకి నిలబడిన పూతమందులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి మందుని జనం సరిగ్గా ఆ మూడో వారంలో, అంటే అది అధ్వాన్నంగా కనిపించే రోజుల్లో, పడలేదని ఆపేస్తారు. ఆపేసి ఏం చేస్తారు? రీల్‌లో ఇంకోటి కనిపిస్తుంది.

ఇక్కడ మనల్ని మనమే మోసం చేసుకునే తమాషా ఒకటుంది. కొత్త క్రీమ్ ఎప్పుడు కొంటాం? ముఖం బాగున్నప్పుడు కాదు, మొటిమలు విపరీతంగా లేచి టెన్షన్ పుట్టినప్పుడు. మొటిమలకి హెచ్చుతగ్గులు సహజం, బాగా పెరిగిన తర్వాత వాటంతట అవే కాస్త తగ్గుతాయి. ఆ తగ్గే రోజుల్లో మన చేతిలో ఏ సీసా ఉంటే పేరు దానికి దక్కుతుంది. జలుబుకి మందేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని మన పెద్దవాళ్లు నవ్వేది ఇందుకే. మళ్లీ పెరిగినప్పుడు "దీనికి అలవాటు పడిపోయింది, ఇంక పనిచేయట్లేదు" అని మార్చేస్తాం. ఇలా ఏడాదికి పది మార్చినా, పదింటిలో ఏది నిజంగా పనికొచ్చిందో తెలిసే దారే లేదు. మా పిల్ల పదకొండు సీసాల మీద ఖర్చుపెట్టిన డబ్బుకి దక్కిన సమాచారం సున్నా, అదీ నా బాధ.

రోజూ వాడటానికీ అప్పుడప్పుడూ వాడటానికీ తేడా ఎంత అని కొలిచి చూసిన ప్రయోగం ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో నంబోర్ అనే ఊళ్లో చేశారు. ఇంగ్లిష్‌లో రాసింది చూస్తే మనకి గుంటూరు రైల్లో వచ్చే నంబూరే గుర్తొస్తుంది, అందుకే నా క్లాసులో పిల్లలు కూడా ఆ పేరు మర్చిపోరు. 55 ఏళ్ల లోపు వాళ్లు 903 మందిని తీసుకుని, చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టు రోజూ పొద్దున్నే ముఖానికీ మెడకీ చేతులకీ సన్‌స్క్రీన్ రాసుకోవాలి, చెమట పట్టినా స్నానం చేసినా మళ్లీ రాసుకోవాలి. రెండో జట్టుని ఏమీ అనలేదు, ఎప్పటిలాగే మీకు ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు రాసుకోండి అన్నారు. 1992 నుంచి 1996 వరకు, నాలుగున్నరేళ్లు. చేతి వెనక చర్మానికి అచ్చు తీసి, గీతలూ గరుకుదనమూ మొదట్లో ఎలా ఉన్నాయి, చివరికి ఎలా అయ్యాయి అని పోల్చారు. 2013లో అచ్చైన ఫలితం ప్రకారం రోజూ రాసుకున్న జట్టులో చర్మం ముదరడం 24 శాతం తక్కువ. కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు కూడా ఇచ్చారు, వాటివల్ల తేడా రాలేదు. గమనించాల్సింది ఏంటంటే, రెండో జట్టు సన్‌స్క్రీన్ ముట్టని జట్టు కాదు. వాళ్లలో చాలామంది గుర్తొచ్చినప్పుడు రాసుకున్నవాళ్లే. పోటీ "రోజూ"కీ "ఎప్పుడైనా"కీ మధ్య జరిగింది. ఆ సన్‌స్క్రీన్ కూడా గొప్పదేం కాదు, ఎస్‌పీఎఫ్ (ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 15 రకం, ఇప్పుడు షాపులో ఇస్తే మా పిల్ల వెనక్కి ఇచ్చేస్తుంది.

ఎండ దెబ్బ ఏ రోజుకారోజు కనిపించదు, అదే చిక్కు. 2012లో ఒక వైద్య పత్రికలో అమెరికా ట్రక్కు డ్రైవరు ఫొటో వేశారు, 69 ఏళ్లాయన, 28 ఏళ్లు బండి నడిపాడు. ముఖంలో ఎడమ సగం, అంటే అక్కడ డ్రైవరు పక్క కిటికీ ఉండే వైపు, చర్మం మందమైపోయి ముడతలు వేలాడుతున్నాయి, కుడి సగం మాత్రం చాలా నయం. అద్దం దించకపోయినా లాభం లేదు, ఎండలోని యూవీఏ కిరణాలు గాజులోంచి దూసుకొస్తాయి. మన ఆటోనగర్‌లో పాత లారీ డ్రైవర్లని చూస్తే నేను ఇప్పుడు అలవాటుగా కుడి చెంప వంక చూస్తాను. బాగోదని తెలుసు, అయినా చూస్తాను.

బెజవాడ ఆడపిల్లలకి ఈ విషయం ఏ ప్రయోగమూ చెప్పక్కర్లేదు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడి చూడండి, స్కూటీ మీద ప్రతి అమ్మాయీ కళ్లు తప్ప ఏమీ కనబడకుండా చున్నీ చుట్టుకుని, మోచేతుల దాకా గ్లవ్స్ వేసుకుని ఉంటుంది. మా పిల్ల పదకొండు సీసాలకంటే దాని చున్నీయే దాని ముఖానికి ఎక్కువ మేలు చేసి ఉంటుందని నా గట్టి నమ్మకం, ఎందుకంటే అది రోజూ తప్పకుండా చేసే పని అదొక్కటే. సన్‌స్క్రీన్ మాత్రం బఠాణీ గింజంత తీసి ముఖమంతా పులుముతుంది. సీసా మీద రాసిన ఎస్‌పీఎఫ్ రావాలంటే చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పడాలి, పరీక్షించేది ఆ లెక్కతోనే. ముఖానికీ మెడకీ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే సుమారుగా సరిపోతుంది. అలా రాస్తే 50 గ్రాముల ట్యూబు నెలన్నరకే ఖాళీ కావాలి. మీ ఇంట్లో పోయిన ఉగాదికి కొన్న ట్యూబు ఇంకా ఉందంటే, మీరు రెండో జట్టే.

ఇంతకీ దాని బుగ్గలు ఎందుకు మండుతున్నాయి? అదీ అడిగింది. నీళ్లు తగిలినా చురుక్కుమంటోందట. చర్మం పై పొరని ఇటుకల గోడలా ఊహించుకోవచ్చు, చచ్చిపోయిన కణాలు ఇటుకలు, మధ్యలో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన అడుసు. లోపలి నీళ్లు బయటికి పోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా ఆపేది ఈ గోడే. మొత్తం మందం చాలాచోట్ల మన వెంట్రుకంత కూడా ఉండదు. దాని మీద సోమవారం సాలిసిలిక్, మంగళవారం గ్లైకాలిక్, బుధవారం రెటినాల్, మధ్యలో ఎవరో చెప్పారని నిమ్మచెక్క. అడుసు కట్టుకునే టైమ్ ఎక్కడుంది? నిమ్మరసం సంగతి విడిగా చెప్పాలి. పులుపుని కొలిచే పీహెచ్ లెక్కలో (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) చర్మం ఉపరితలం సుమారు 5, నిమ్మరసం 2 దగ్గర, పైగా నిమ్మజాతి కాయల్లో కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు మిగులుస్తాయి. మనలాంటి చామనచాయ చర్మానికి ఏ మంట వచ్చినా పోతూపోతూ మచ్చ పెట్టి పోతుంది, అది చెరగడానికి నెలలు పడుతుంది. సబ్బు కూడా అంతే, మామూలు సబ్బు పీహెచ్ 9, 10 ఉంటుంది. జిడ్డుగా ఉందని రోజుకి ఐదుసార్లు తోమితే గోడకి సున్నం రాలినట్టే.

ట్రెండుకి వాతావరణం కూడా పట్టదు. సియోల్‌లో చలికాలం గడ్డకట్టే చలి, గాలిలో తేమ ఉండదు, అక్కడ ఒకదానిమీద ఒకటి ఏడు పొరలు రాసుకున్నారంటే అర్థముంది. కృష్ణ ఒడ్డున ఉక్కపోతలో, ఫ్యాన్ కింద కూర్చున్నా జాకెట్టు తడిసే ఊళ్లో, రాత్రి ముఖానికి పెట్రోలియం జెల్లీ దట్టించి పడుకోవడం ఏం సరదా?

అన్నీ దానికి చెప్తున్నాను కానీ నేనేం తక్కువ తినలేదు. మా తమ్ముడి పెళ్లికి ముందు మంగు మచ్చలకని మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు, చీటీ అడగలేదు, నేనూ చదవలేదు. జువాలజీ టీచర్ని! పది రోజుల్లో ముఖం వెలిగిపోయింది. అంత తొందరగా పనిచేసింది నా జీవితంలో ఇంకోటి లేదు, అందుకే రోజూ రాశాను, ఒక్క రోజు కూడా తప్పకుండా, ఐదు నెలలు. ఆపిన వారానికి ముఖం ఎర్రగా కందిపోయి, మంట, చిన్న చిన్న పొక్కులు. మళ్లీ రాస్తే తగ్గుతుంది, ఆపితే తిరగబెడుతుంది. డాక్టరమ్మ ట్యూబు చూసి "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా" అంది. స్టెరాయిడ్ రక్తనాళాలని కుదించి, వాపుని అణిచి, తెల్లబడినట్టు చూపిస్తుంది, లోపల చర్మాన్ని పలచన చేస్తుంది. మన దేశంలో 12 చోట్ల చర్మ వైద్య విభాగాల్లో ముఖం సమస్యలతో వచ్చిన 2926 మందిని చూస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నవాళ్లే అని 2011లో ఒక అధ్యయనం వచ్చింది. 2018లో కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీములని డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీముల్లో పాదరసం ఇంకో గండం, కేరళలో అలాంటివి వాడినవాళ్లకి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వచ్చాయి.

కాబట్టి రోజూ రాసినంత మాత్రాన పుణ్యం రాదు, ఏం రాస్తున్నామో కూడా తెలియాలి. వారంలో అద్భుతం చూపించినదాన్ని నేను ఇప్పుడు అస్సలు నమ్మను. నాకు మామూలు ముఖం తిరిగి రావడానికి దాదాపు ఏడాది పట్టింది. మంగు కోసం డాక్టరమ్మ ఇప్పటికీ మొదట రాసేది సన్‌స్క్రీనే, అదీ కాస్త రంగున్న రకం, ఐరన్ ఆక్సైడ్ కలిసింది, ఎందుకంటే మంగుని మామూలు వెలుతురు కూడా పెంచుతుంది.

మా పిల్ల వెళ్లేలోపు పదకొండింటిని మూడు చేశాం: సబ్బు కాని ఫేస్‌వాష్, తేలికపాటి మాయిశ్చరైజర్, జెల్ రకం సన్‌స్క్రీన్. మంట పూర్తిగా తగ్గాక, మొటిమల మందు ఒక్కటే, డాక్టరుకి చూపించి, రాత్రిపూట. ఇంకేదైనా కలపాలంటే నెలకి ఒకటి, అదీ ముందు చెవి వెనక నాలుగు రోజులు రాసి చూశాకే. క్యాలెండర్‌లో సెప్టెంబరు దాకా పెన్సిల్‌తో గీతలు గీసిచ్చాను. ఇరవయ్యో రోజున ఫోన్ చేసి "పిన్నీ, మంట పోయింది కానీ ముఖం అలాగే ఉంది" అంది. ఇంకా రెండు నెలలుంది, చదువుకో అని పెట్టేశాను.

నత్త జిగురు సీసా మాత్రం మా బాత్రూమ్‌లో మర్చిపోయి వెళ్లింది. ఎనిమిది వందల యాభై పెట్టి కొన్నది పారేయడానికి చెయ్యి రాక నేనే రాస్తున్నాను. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. ఏం తేడా లేదు.