వెంచర్లో మీరు పోసిన మట్టి దిబ్బ గురించి

ఒరేయ్ చిన్నోడా, బుజ్జమ్మా,

మీ అమ్మ నిన్న వాట్సాప్‌లో వీడియో పంపింది. మీ ఇంటెనకాల వెంచర్లో ఎవరో పునాదులు తవ్వి పోసిన మట్టిని మీ గ్యాంగంతా కలిసి దిబ్బ చేసి దానిమీంచి సైకిళ్లు ఎగరేస్తున్నారు, కింద మీ అమ్మ "నాన్నా మీరైనా చెప్పండి" అని రాసింది. నేను తిడతాననుకుంది పాపం. నేనా వీడియో ఏడెనిమిది సార్లు చూశాను, ఎందుకంటే ఆ దిబ్బ వాలు ఎంతుందో తేల్చుకుందామని. ముప్పై ఏళ్ల పైన ఇరిగేషన్‌లో గట్లు వేయించినోణ్ణి, మట్టి కనపడితే వాలు చూడకుండా ఉండలేను. చిన్నోడేమో డర్ట్ బైక్ కావాలంటున్నాడంట, మోటోక్రాస్ నేర్చుకుంటాడంట, అదే, మట్టి దిబ్బల మీంచి బైకులు ఎగరేసే రేసు. సరే, కానీ ముందు ఇది చదువు, పొడుగ్గా ఉందని సగంలో వదిలేయకు.

ఎక్కే వైపు బానే చేశార్రా, పారతో నున్నగా చెక్కారు కూడా. దిగేవైపే ఏమీ లేదు, ఉత్త చదును నేల. కాలేజీ రోజుల్లో నేనూ అచ్చం ఇదే చేశా. మా నాన్న రాజ్‌దూత్ తీసుకుని, కాలువ గట్టు మీదకి ఎడ్లబండ్లు ఎక్కే దారి ఉండేది చూడు, దాంట్లో గేరు దించి ఒక్క ఊపున లేపా. బండి లేచింది, బానే లేచింది, అవతల వరి కోసేసిన మడి ఎండి సిమెంటు గచ్చులా ఉంది, దాంట్లో పడ్డా. ముందు ఫోర్కు వంగిపోయింది, ఎడమ మణికట్టు విరిగింది, అది ఇప్పటికీ వానకి ముందు సలుపుతుంది. బండిది ఏ తప్పూ లేదు. మా నాన్నకి మాత్రం కుక్క అడ్డొచ్చిందని చెప్పా, ఈ సంగతి మీ అమ్మమ్మ దగ్గర ఎత్తకండి.

ఆ రోజు నాకు అర్థం కానిది తర్వాత కాగితం మీద లెక్కేస్తే అర్థమైంది. మీరూ ఇంటర్‌కొచ్చాక ప్రొజెక్టైల్ అని చదువుతారు, ఇప్పుడే చెప్తా. గంటకి 54 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి 15 మీటర్లు. ఆ స్పీడ్‌తో 30 డిగ్రీల ర్యాంప్ మీంచి వదిలితే, గాలి అడ్డుకోవడం లెక్కలోకి తీసుకోకపోతే, బండి ర్యాంప్ అంచు కంటే ఇంకో 2.9 మీటర్లు పైకి లేచి, మళ్లీ అదే ఎత్తుకి దిగేసరికి 20 మీటర్ల అవతల ఉంటుంది. గాల్లో ఉండేది ఒకటిన్నర సెకను. ఇప్పుడు అది దేనిమీద దిగుతుందో చూడండి. చదును మీద దిగితే సుమారు తొమ్మిదిన్నర అడుగుల గోడ మీంచి దూకినట్టు, అంటే మీ ఇంటి డాబా మీంచి దూకినట్టే. అదే స్పీడు, అదే ఎత్తు, కానీ కిందకి 20 డిగ్రీల వాలుగా ఉన్న మట్టి మీద దిగితే దెబ్బ ఒక అడుగు ఎత్తు నుంచి దూకినంతే, అరుగు మీంచి దిగినట్టు. వాలు 30 డిగ్రీలే ఉంటే, బండి వచ్చే దారీ నేలా ఒకే కోణంలో ఉంటాయి కాబట్టి, లెక్క ప్రకారం దెబ్బే ఉండదు, చక్రం నేలని ముద్దు పెట్టుకుని పోతుంది. మనం అనుకున్నట్టు ఎముకలు విరగ్గొట్టేది ఎత్తు కాదురా, బండి వచ్చే దారికీ నేల వాలుకీ మధ్య ఉన్న తేడా.

ఇంకో రకం ఉంది, అది మరీ ఘోరం. రెండు దిబ్బలు పెట్టి మధ్యలో ఖాళీ వదిలితే దాన్ని డబుల్ అంటారు, మూడు పెడితే ట్రిపుల్. ఇందాక చెప్పిన 54 కి బదులు 49 లో వెళ్లావనుకో, అయిదు కిలోమీటర్లే తేడా, స్పీడో ముల్లు సన్నగా వణికినంత, కానీ 20 మీటర్లు పోవాల్సింది పదహారూ చిల్లర దగ్గరే ఆగిపోతావు. మూడున్నర మీటర్లు షార్ట్. రెండో దిబ్బ దిగుడు వాలు మీద పడాల్సినవాడివి దాని ఎదురు మొహం మీదకి వెళ్తావు, దీన్ని వాళ్ల భాషలో కేస్ అవ్వడం అంటారు. ఆ ఎదురు వాలు కూడా 30 డిగ్రీలుంటే దెబ్బ సుమారు 23 అడుగుల నుంచి పడినట్టు, రెండంతస్తుల మేడ కంటే ఎక్కువే. మోటోక్రాస్ బైక్‌కి సస్పెన్షన్ ఓ అడుగు దాకా దిగుతుంది, 300 మిల్లీమీటర్లు, అదైనా ఇంత మింగలేదు. మరి మీ సైకిళ్లకి సస్పెన్షన్ అంటే మీ మోకాళ్లే.

అందుకే నేర్చుకునేవాళ్ల ట్రాకుల్లో ఆ ఖాళీ మట్టితో పూడ్చేస్తారు, పైన చదునుగా బల్లలా ఉంటుంది కాబట్టి టేబుల్‌టాప్ అని పేరు. షార్ట్ పడినా బల్ల మీద పడతావు, నడుం జివ్వుమంటుంది, లేచి ఇంటికెళ్తావు. నన్నడిగితే పద్దెనిమిదేళ్లు నిండనివాడి ట్రాకులో డబుల్ అనేదే ఉండకూడదు, ఎవరేమనుకున్నా సరే.

మీ మావయ్య దగ్గరికి చికాగో వెళ్లినప్పుడు జులై నాలుగు సెలవుల్లో నన్ను మిషిగన్‌లో బుకానన్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లాడు, అక్కడ రెడ్‌బడ్ అని పెద్ద మోటోక్రాస్ ట్రాకు ఉంది. 2018 లోనూ 2022 లోనూ దేశాల మధ్య జరిగే మోటోక్రాస్ ఆఫ్ నేషన్స్ అక్కడే పెట్టారు. ఆ ట్రాకులో జనం అంతా ఒకేచోట మూగుతారు, లారోకోస్ లీప్ అని ట్రిపుల్, సుమారు 120 అడుగులు, దాన్ని దాటి చూపించిన మైక్ లారోకో పేరే దానికి పెట్టారు. నేను కొత్తగా చూసిందేంటంటే అది ఎగువకి ఉంటుంది, దిగే దిబ్బ ఎక్కే దిబ్బ కంటే ఎత్తులో ఉంటుంది. బండి పైకి లేచి కిందకి స్పీడందుకునే లోపే నేల ఎదురొచ్చి అందుకుంటుంది. దాన్ని తిరగేసి దిగువకి పెడితే అదే 120 అడుగులు మనుషుల్ని మింగేస్తుంది. దీన్ని గమనించాక మీ మావయ్యకి చెప్తే, రేసు చూడు నాన్నా అని విసుక్కున్నాడు.

రేసుల మధ్యలో మట్టి చేసేవాళ్లనే చూస్తూ కూర్చున్నా. డోజర్ ఒకటి, నీళ్ల ట్యాంకర్ ఒకటి, అచ్చం మన గట్టు పనే. మట్టిని ఒకేసారి గుట్టగా పోస్తే లోపల బోలు ఉంటుంది, పొరలు పొరలుగా పోసి తడిపి తొక్కించాలి, ఎంత తడి అంటే పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలికి మాత్రం బురద అంటకూడదు. నలభైమంది గేటు దగ్గర ఒకేసారి బయల్దేరి అరగంట పైన అదే అంచు మీంచి దూకుతుంటే ఎంత గట్టి మట్టి అయినా గాళ్లు పడుతుంది. పొద్దున నున్నగా ఉన్న ర్యాంప్ అంచు మధ్యాన్నానికి నిటారుగా కోసుకుపోయి, వెనక చక్రాన్ని ఎగదన్ని ముందుకి బోర్లా పడేస్తుంది. అందుకే అంచుకి చివర బండి రెండు చక్రాల మధ్య దూరమంత, అంటే మీటరున్నర, వంపు లేకుండా తిన్నగా వదలాలి. మీ దిబ్బ చివర పైకి వంకీ తిప్పారు చూడు, అది అందంగానే ఉంది, దాన్ని కొట్టేయండి.

గాల్లో ఉండగా చేతిలో ఉండేది చాలా తక్కువ. ముందు మరీ వంగిపోతుంటే గ్యాస్ ఇస్తారు, వెనక చక్రం జోరు పెరిగి ముందు లేస్తుంది, ఎక్కువ లేస్తే క్లచ్ పట్టి వెనక బ్రేక్ తొక్కుతారు, ముందు వంగుతుంది. అంతే. ఎటు పోవాలో, ఎంత దూరం పోవాలో నేల వదిలేముందే అయిపోయింది, గాల్లో గుండె జారితే దారి మారదు.

హెల్మెట్, నెక్ బ్రేస్, గుండె మీద ప్రొటెక్టర్, మోకాళ్లకి బ్రేస్, ఆ గట్టి బూట్లు, వీటి గురించి మీకు నాకన్నా ఎక్కువ తెలుసు, ధరలు కూడా తెలుసు. నాకు వాటికంటే ముఖ్యం అనిపించింది జెండా పట్టుకునే మనిషి. ఎక్కేవాడికి అవతల దిగేచోటు కనపడదు కదా, అక్కడ ఎవడైనా పడి ఉంటే వీడు వెళ్లి వాడి మీదే దిగుతాడు. రెడ్‌బడ్‌లో నా కళ్ల ముందే ఒకడు దిబ్బ అవతల పడ్డాడు, జెండా కుర్రాడు పసుపు జెండా ఊపుతున్నాడు, వెనక వచ్చిన బళ్లు ఒక్కటీ ఎగరలేదు, వేగం తగ్గించి దిబ్బని ఎక్కి దిగి వెళ్లాయి. ఊపే పసుపుకి ఎగరకూడదు, ముందువాణ్ణి దాటకూడదు. తెల్ల జెండా మీద ఎర్ర క్రాస్ అంటే ట్రాకులో డాక్టర్లు ఉన్నారని, అప్పుడూ ఎగరకూడదు. మీ దిబ్బ దగ్గర ఆ పని బుజ్జమ్మది, అవతల నుంచుని చెయ్యి ఎత్తాలి, దాని చెయ్యి దిగేదాకా ఎవడూ తొక్కకూడదు. అది చిన్నదని లెక్కచేయకపోతే నేనొచ్చాక నాకు తెలిసిపోతుంది.

బైక్ సంగతి. సి.ఎస్. సంతోష్ అని ఉన్నాడు, డకార్ ర్యాలీ అని ఎడారుల మీంచి రోజుల తరబడి సాగే రేసు, దాన్ని పూర్తి చేసిన మొదటి ఇండియన్, 2015 లో. 2021 డకార్‌లో పడి తలకి దెబ్బ తగిలి డాక్టర్లు కొన్ని రోజులు కోమాలో ఉంచారు, కోలుకున్నాడు. ఆయన పెట్టిన బిగ్‌రాక్ డర్ట్‌పార్క్ కోలార్ దగ్గర ఉంది, అక్కడ చిన్న బండి మీద నుంచోడం దగ్గర్నుంచీ నేర్పిస్తారు. మీ నాన్న ఒప్పుకుంటే వేసవిలో నేనే తీసుకెళ్తా, హైదరాబాద్ రోడ్ల మీద నేర్చుకుంటానంటే మాత్రం నాకు ఫోన్ చేయకు.

ఈలోపు మీ దిబ్బని ఇలా మార్చండి. ఎత్తు అడుగున్నర, అంతకంటే వద్దు. పైన మూడడుగులు చదును. అవతల దిగుడు వాలు కనీసం ఆరడుగులు, ముందు దాన్ని కట్టండి, ఎక్కేవైపు తర్వాత. మీరు సైకిల్ మీద గంటకి పదిహేను కిలోమీటర్లలో వస్తే నాలుగైదు అడుగుల లోపే ఎగురుతారు, చదును దాటీ దాటగానే వాలు అందుతుంది. సంక్రాంతికి నేనొస్తున్నా, నా పాత నీళ్ల ట్యూబు తెస్తా లెవెల్ చూడ్డానికి. వాలు తేడా వస్తే మళ్లీ తవ్వించి పోయిస్తా, మీ నాన్నకి చెప్పి రెండు బకెట్లు, ఒక పలుగు సిద్ధంగా ఉంచండి. మట్టి ముందురోజు సాయంత్రం తడిపి పెట్టండి, నేను రాగానే ముద్ద కట్టి చూస్తా.

తాతయ్య