చివరి జీతం ఏ రోజుది? తొలగింపు కేసుల వెనుక ఒక పాత చిక్కు

పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి రావడంతో పాత వాదన ఒకటి మళ్లీ రేగింది. తొలగించిన కార్మికుణ్ణి తిరిగి పనిలోకి తీసుకోవాలని అవార్డు (లేబర్ కోర్టు లేదా ట్రిబ్యునల్ తీర్పు) వచ్చాక యాజమాన్యం పై కోర్టుకు వెళ్తే, ఆ కేసు తేలేదాకా అతను దేనిమీద బతకాలన్నదే ఆ వాదన. ఈ కోడ్‌కు ముందున్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం పుట్టుపూర్వోత్తరాలు అందరికీ తెలిసినవే కనుక వాటిని వదిలేద్దాం. నేటి పేచీకి మూలం 1997లో సుప్రీంకోర్టు ఒక మాటకు చెప్పిన అర్థంలో ఉంది.

వివాదాలు ఏళ్ల తరబడి సాగుతున్నాయని, అవార్డులపై అప్పీళ్లు వినే లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను 1956లోనే ఎత్తివేశారు. అప్పీలు పోయినా ఆలస్యం పోలేదు. యాజమాన్యాలు రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి, అవార్డు అమలుపై స్టే తెచ్చుకోవడం మొదలైంది. దీనికి విరుగుడుగా వచ్చినదే 1947 చట్టంలో చేర్చగా 1984 ఆగస్టు 21 నుంచి అమలైన 17-బి సెక్షన్. వేరెక్కడా పనిచేయడం లేదని అఫిడవిట్ ఇచ్చిన కార్మికుడికి, కేసు నడిచినంత కాలం 'చివరిసారి తీసుకున్న పూర్తి వేతనం' చెల్లించాలని అది చెప్పింది.

చివరి వేతనమంటే తొలగించిన నాటిదా, ఉద్యోగంలో కొనసాగి ఉంటే అవార్డు నాటికి అందుకుంటూ ఉండవలసినదా? హైకోర్టులు తలోరకంగా చెప్పగా, 1997లో దేనా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తొలగించిన నాటిదేనని తేల్చింది. అది జీవనభృతి లాంటిది కనుక అవార్డు కొట్టివేసినా తిరిగి ఇవ్వనక్కర్లేదని కూడా అన్నది. తాము కేసు గెలిచినా తిరిగి చేతికి రాని సొమ్మని యాజమాన్యాల ఫిర్యాదు; అది నిజమే. కానీ తొలగించిన పదేళ్లకు అవార్డు వస్తే, కార్మికుడు పదేళ్ల కిందటి జీతంతో నేటి ఇల్లు నడపాలి. ధరలు పెరిగేకొద్దీ ఆ సొమ్ము విలువ కరుగుతుంది, కేసును సాగదీయడం యాజమాన్యానికి అంతకంతకూ చౌకవుతుంది. ఆలస్యానికి విరుగుడుగా తెచ్చిన సెక్షన్ ఆ తీర్పుతో సగం బలం కోల్పోయిందని కార్మికుల తరఫువారు అనడంలో అతిశయోక్తి కనిపించదు.

కొత్త కోడ్ లేబర్ కోర్టులను తీసివేసి ట్రిబ్యునళ్లను పెట్టింది. తొలగింపుపై కార్మికుడు నేరుగా వెళ్లేందుకు ఉన్న మూడేళ్ల గడువును రెండేళ్లకు కుదించింది. 'చివరిసారి తీసుకున్న పూర్తి వేతనం' అన్న మాటను మాత్రం అలాగే ఉంచింది. అంతకన్నా ఎక్కువ కావాలంటే కార్మికుడు హైకోర్టు విచక్షణనే ఆశ్రయించాలి. అతను కేసు ఓడితే, అలా అదనంగా అందుకున్న సొమ్మును తిరిగి కట్టమని కోర్టు ఆదేశించవచ్చు.