కొండ దిగడంలోని కష్టం

న్యూజిలాండ్ ఉత్తర దీవిలోని టోంగరీరో ఆల్పైన్ క్రాసింగ్ అనే కాలిబాటను ఒక్క రోజులో నడిచి పూర్తిచేయాలన్న కోరికతో ఎన్నో దేశాల నుంచి స్నేహితులు గుంపులుగా వస్తుంటారు. సుమారు 20 కిలోమీటర్ల ఈ దారి మాంగాటెపోపో లోయలో సముద్రమట్టానికి దాదాపు 1,120 మీటర్ల ఎత్తున మొదలవుతుంది. రెడ్ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం అంచున 1,886 మీటర్లకు చేరి, అక్కడి నుంచి కెటెటాహి వైపు దాదాపు 760 మీటర్ల ఎత్తుకు దిగిపోతుంది. అంటే నికరంగా ఎక్కేది 770 మీటర్లకు లోపు, దిగేది 1,100 మీటర్లకు పైమాటే. అయినా బయలుదేరే ముందు స్నేహితులు మాట్లాడుకునేదంతా ఎక్కడం గురించే. ఇటువంటి నడకలో శరీరం రెండు రకాలుగా అలసిపోతుందనీ, వాటిలో రెండోదాన్ని మనం బొత్తిగా పట్టించుకోవడం లేదనీ నా అభిప్రాయం.

మొదటిది ఇంధనానికి సంబంధించిన అలసట. 70 కిలోల మనిషి ఆరు కిలోల సంచి వీపున వేసుకుని 766 మీటర్లు పైకి చేరడమంటే దాదాపు 5.7 లక్షల జౌళ్ల పని చేయడం, అంటే 136 కిలోకేలరీలు. కండరం తాను వాడుకునే శక్తిలో నాలుగో వంతును మాత్రమే పనిగా మార్చగలదు కాబట్టి ఆ ఎత్తుకే సుమారు 550 కిలోకేలరీలు ఖర్చవుతాయి. మిగిలిన మూడు వంతులూ వేడిగా మారి చెమట పట్టిస్తాయి. మరోవైపు, ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి బిలం అంచున చలి లోయలో కన్నా ఐదు డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. దానికి గాలి తోడైతే చెమటతో తడిసిన చొక్కా ఒంట్లోని వేడిని త్వరత్వరగా లాగేస్తుంది. అందుకే నిట్టనిలువు దారి మొదలవకముందే ఒక పొర బట్ట విప్పి, పైన కూర్చునే ముందే దాన్ని తిరిగి వేసుకోవాలి.

కండరాల్లోనూ కాలేయంలోనూ కలిపి మనం దాచుకోగలిగే గ్లైకోజెన్ అనే పిండిపదార్థపు నిల్వ సుమారు అర కిలో, అంటే దాదాపు రెండు వేల కిలోకేలరీలు. ఇంత పొడవైన నడకకు అది ఒక్కటే చాలకపోవచ్చు. కొవ్వు నిల్వలు దానికి ఎన్నో రెట్లు ఉన్నా, వాటి నుంచి శక్తి నెమ్మదిగానే అందుతుంది. వేగం పెరిగేకొద్దీ శరీరం గ్లైకోజెన్ మీద ఎక్కువగా ఆధారపడుతుంది. మాట్లాడుతూ నడవగలిగినంత వేగంలో ఉంటే కొవ్వు తన వంతు మోస్తుంది, గ్లైకోజెన్ మధ్యాహ్నం దాకా మిగులుతుంది. ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకోసారి కొంచెం తినాలని చెప్పడానికి కారణం ఇదే.

స్నేహితులతో నడిచేటప్పుడు చిక్కు ఇక్కడే వస్తుంది. కిలోమీటరుకు అతి తక్కువ శక్తి ఖర్చయ్యే సహజమైన వేగం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. దాన్ని మించి నడిచినా, బాగా తగ్గించి నడిచినా ఖర్చు పెరుగుతుంది. చురుకైనవారు ముందుకు వెళ్లి ఒక బండ మీద కూర్చుంటారు. వెనకబడినవారు ఆయాసపడుతూ అక్కడికి చేరుకునేసరికి వీరి విశ్రాంతి పూర్తవుతుంది, లేచి బయలుదేరతారు. అందరికన్నా ఎక్కువ అలసిన మనిషికే అందరికన్నా తక్కువ విశ్రాంతి దక్కుతుందన్నమాట. నెమ్మదిగా నడిచేవారిని ముందు నడవనిచ్చి, వారి సంచిలోని బరువును మిగతావారు పంచుకోవడం మర్యాదే కాదు, శక్తి లెక్కల ప్రకారమూ సరైన పని.

స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ప్రకారం ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట వేసుకోవాలి. ఆ లెక్కన ఈ దారికి ఐదుంపావు గంటలు పట్టాలి. కానీ చాలామందికి ఏడెనిమిది గంటలు పడుతుంది. విరామాలను అలా ఉంచినా, ఆ సూత్రం దిగుడుకు ఏమీ కలపదు. మధ్యలో ఎవరో ఒకరు పక్కనున్న న్గౌరుహోయే శిఖరం కూడా ఎక్కేద్దామంటారు. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలకు అది పవిత్రమైనది, దాన్ని ఎక్కవద్దని వారు కోరుతున్నారు. ఆ మాటను మన్నించడం మన బాధ్యత.

ఇక రెండో అలసట. రెడ్ క్రేటర్ నుంచి పచ్చలాంటి నీళ్లున్న ఎమరాల్డ్ సరస్సుల వైపు దిగే వాలంతా వదులుగా పేరుకున్న అగ్నిపర్వత రాళ్లే. మడమ గుచ్చి అడుగు వేస్తే రాళ్లు జారి కాలు మరో జానెడు కిందికి పోతుంది. ఆ క్షణంలో శరీరం బరువంతా తొడ ముందు కండరం మీద పడుతుంది. ఎక్కేటప్పుడు ఈ కండరం పొట్టిబడుతూ మనల్ని పైకి నెడుతుంది. దిగేటప్పుడు మాత్రం మోకాలు ఒక్కసారిగా మడత పడిపోకుండా బిగుసుకునే ఉండి, బరువుకు లొంగుతూ సాగుతుంది. బిగువులో ఉండగానే సాగడం వల్ల కండర పోగుల్లోని సార్కోమియర్లనే అతి సూక్ష్మమైన భాగాలు కొన్ని హద్దు దాటి సాగి దెబ్బతింటాయి. వేల అడుగులు అలా పడేసరికి కండరం బలం అప్పటికప్పుడే తగ్గుతుంది. దారి మధ్యలో ఆగి నిలబడినప్పుడు తొడలు వణకడం అందుకే.

ఇందులో మోసమేమిటంటే, సాగుతూ చేసే ఈ పనికి ఆక్సిజన్ చాలా తక్కువ చాలు. ఆయాసం రాదు, గుండె దడదడలాడదు, కాబట్టి తేలికగా ఉందనుకుని వేగం పెంచుతాం. ఎక్కేటప్పుడు ఊపిరి మనల్ని హెచ్చరిస్తుంది, దిగేటప్పుడు ఆ హెచ్చరిక ఉండదు. నొప్పి కూడా వెంటనే తెలియదు. దెబ్బతిన్న చోట శరీరం మరమ్మతు మొదలుపెట్టాక, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య అది పతాకస్థాయికి చేరుతుంది. దీనికి కండరాలు గట్టిగా శ్రమించినప్పుడు తయారయ్యే లాక్టిక్ ఆమ్లం కారణమని చాలామంది నమ్ముతారు గానీ, నడక ఆగిన గంట రెండు గంటల్లోనే దాని మోతాదు మామూలు స్థితికి వస్తుంది కాబట్టి మూడో రోజు నొప్పిని దానికి అంటగట్టడం తప్పు.

అడుగులు చిన్నవిగా వేయడం, మోకాలిని కొంచెం వంచి ఉంచడం, రెండు చేతికర్రలతో బరువులో కొంత భుజాలకు మళ్లించడం ఉపకరిస్తాయి. వీటికి మించి ఉపయోగపడే మార్గం శరీరమే ఇచ్చింది. ఒకసారి దిగుడు దెబ్బ రుచి చూసిన కండరం కొన్ని వారాల పాటు అదే దెబ్బను చాలా వరకు తట్టుకుంటుంది. విమానం ఎక్కడానికి రెండు వారాల ముందు ఎత్తైన భవనంలో లిఫ్టులో పైకి వెళ్లి మెట్ల మీదుగా కిందికి దిగడం కొన్నిసార్లు చేస్తే చాలు. ఆ మర్నాడు తొడలు కొంచెం నొప్పెడతాయి. ఆ నొప్పేదో ఇంటి దగ్గరే పడితే మేలు. అలా సిద్ధపడలేకపోయినవారు కనీసం యాత్ర పట్టిక వేసుకునేటప్పుడైనా, ఈ నడక తర్వాతి రెండు రోజుల్లో మరో కొండను పెట్టుకోకుండా, చదునైన దారుల్లో తీరిగ్గా తిరిగే ఊరేదైనా పెట్టుకోవాలి.